పగలు ఎక్కని చార్జింగ్

డిసెంబర్ 2, మంగళవారం

మళ్ళీ అదే. లాప్‌టాప్‌కు ప్లగ్ పెట్టే ఉంది... చార్జింగ్ లేదు. పదకొండున్నరకు స్క్రీన్ నల్లబడింది. అవతల ఒక కస్టమర్ తన కుట్టుమిషన్‌లో దారం ఎందుకు తెగుతోందో అడిగి, నా జవాబు కోసం కాచుకుని ఉండగా.

సూపర్‌వైజర్ మేడం ఫోన్. "ఇంకోసారి ఇట్లయితే ఇంటినుంచి పని కుదరదు." ట్రయల్ ఈ నెలాఖరు వరకే. హోసూరు ఆఫీసుకు రమ్మంటే ఉద్యోగం వదులుకోవాల్సిందే. పాపకు రెండేళ్ళు. అత్త లేరు, ఆయన ఫ్యాక్టరీలో, మామ పొద్దంతా క్యాబేజీ తోటలో. ఎవరి దగ్గర వదిలేది?

డిసెంబర్ 3, బుధవారం

ఒక్కొక్కటే చూస్తున్నాను. పిన్ను పాత బ్రష్‌తో తుడవడం. మొత్తం ఆపి, పవర్ బటన్ అరనిమిషం నొక్కి పట్టడం. ఎనభై శాతం దగ్గర ఆపే సెట్టింగ్ తీసేయడం. ఏమీ లేదు.

రాత్రి నిండుతుంది. పగలు ఎక్కదు. పని చేస్తుంటే వేడెక్కి ఆపేస్తోందేమో... అడుగున గాలి ఆడాలని రెండు చెక్కముక్కలు పెట్టాను.

మామ గడపలోంచి తొంగిచూశారు. "ఇంకా ఎక్కలేదామ్మా? పశువైతే నాలుక చూసి చెప్పుదును. దీనికి యాడ చూడాల?"

నవ్వొచ్చింది. ఒళ్ళు మండుతూనే నవ్వాను.

డిసెంబర్ 6, శనివారం

హోసూరు, రిపేరు షాపు. షాపతను ప్లగ్ అలా పెట్టాడో లేదో ఎక్కింది. "ఈడ బాగానే ఎక్కతా ఉంది కదమ్మా. బ్యాటరీ పాతది, గంటన్నర వస్తాది, అంతే. రోగమేమీ లేదు."

పని నడిపి చూపించాను. అయినా ఎక్కింది. పుట్టింటికి రాగానే జ్వరం తగ్గిన కోడలి వాలకం దీనిది. సిగ్గుపడి బస్సెక్కాను.

డిసెంబర్ 8, సోమవారం

ఇంట్లో మళ్ళీ ఎక్కదు.

పది దాటాక చట్నీకి మిక్సీ వేశాను. మూలిగింది, తిరగలేదు. అనుమానం వచ్చి ఫ్యాను వేశాను. ఈ చలిలో నెల రోజులుగా దాన్ని ముట్టుకున్నదే లేదు. రెక్కలు లెక్కపెట్టొచ్చు. ఎల్ఈడీ బల్బు మాత్రం మామూలుగానే వెలుగుతోంది, అందుకే ఇన్నాళ్ళు తెలియలేదు. జబ్బు లాప్‌టాప్‌కు కాదు, కరెంటుకు. వోల్టేజీ లేదు.

దొరికింది. ఎంత సంతోషమో.

కూర్చున్న చోటు నుంచే కరెంటాఫీసుకు ఫిర్యాదు పంపాను. తమిళనాడు ఆఫీసు కాబట్టి చక్కటి తమిళంలో — ఏ ట్రాన్స్‌ఫార్మర్, ఏ వేళ నుంచి ఏ వేళ దాకా, అన్నీ. స్కూల్లో తమిళ వ్యాసాలకు నాకే ఫస్టు మార్కు. ఎవరికీ చెప్పలేదు. బాగయ్యాక చెబుదామని.

డిసెంబర్ 10, బుధవారం

లీవు. పాపను చంకనేసుకుని మామకు సంగటి తీసుకుపోయాను. బోరు మోటారు నడుస్తోంది. బోర్లకని ఇచ్చే త్రీఫేజ్ కరెంటు వచ్చే వేళ కాదే?

మామ నవ్వారు. "దానికోసం కాసుకోని కూర్చుంటే కోసుగడ్డ గడ్డ కట్టేదెప్పుడు? కండెన్సర్ పెట్టినాము కదమ్మా. ఇంటి కరెంటుతోనే లాగతాది."

షెడ్డులో తెల్లడబ్బా చూపించారు. ఈ వరసలో ప్రతి బోరుకూ ఉందట. పొద్దున పది నుంచి మూడు దాకా, అందరివీ ఒకేసారి. ఇంట్లో వోల్టేజీ పడిపోయే వేళ అదే.

"తప్పు కదా మామా?"

"తప్పే. పంట ఎండతా ఉంటే ఎవరికి గుర్తుంటాది?"

నేను రాయకోట అంగడివాళ్ళ పిల్లను. బోరు గురించి నాకేం తెలుసు? ఆయన తింటున్నారు. ఫిర్యాదు మాట ఎత్తకుండా పాపకో ముద్ద తినిపించాను.

డిసెంబర్ 11, గురువారం

వాపసు తీసుకుంటానని కరెంటాఫీసుకు ఫోన్ చేశాను. లైన్‌మ్యాన్‌కు అప్పటికే ఇచ్చేశారట.

డిసెంబర్ 12, శుక్రవారం

వచ్చారు. తొమ్మిది డబ్బాలు విప్పి జీపులో వేసుకుని పోయారు. "ఎవరో రాసిచ్చినారు రామప్పా, మేమేం చేసేది" అని మామతో లైన్‌మ్యాన్. పేరు చెప్పలేదు. నా వైపు చూశాడో లేదో... నేను తలెత్తలేదు.

లాప్‌టాప్ రోజంతా నిండుగా ఉంది. మేడం మెచ్చుకుంది.

డిసెంబర్ 15, సోమవారం

మామ పక్కతోట నాగప్పతో మాట మానేశారు. "వాని బోరులో నీళ్ళు దండిగా ఉండాయి, డబ్బా లేకున్నా వానికి జరుగుతాది. వాడే రాసిచ్చింటాడు." ఇరవై ఏళ్ళుగా ఒకరి నారు ఒకరు నాటిన మనుషులు. పొద్దున నాగప్ప గట్టు మీంచి పిలిచాడు. "ఏం రామప్పా, అలిగినావా?" మామ పార పట్టుకుని అటు తిరిగిపోయారు.

చెప్పాలి. ఆయన కోపానికి భయం లేదు. రేపటినుంచి నా ముందు ఏ మాటా మాట్లాడకుండా ఊరుకుంటారేమో, అదే భయం.

డిసెంబర్ 17, బుధవారం

చెప్పలేదు.

డిసెంబర్ 18, గురువారం

క్యాబేజీ ఆకులు వాడి వాలిపోయాయి. త్రీఫేజ్ వచ్చే ఆ కొద్ది గంటల్లో పారే నీళ్ళు చాలడం లేదు.

సాయంత్రం మామ స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నారు. "తమిళం నీకు బాగా వస్తాది కదమ్మా. ఒక అర్జీ రాయి. త్రీఫేజ్ పగలు ఇంకో నాలుగు గంటలు ఇమ్మని." రాశాను. "కింద ఇంకో మాట... మా మీద రాసిచ్చినోడు ఎవడో వాని పేరు చెప్పమని."

"చార్జ్ అయిపోయింది మామా" అని మూసేశాను. నూటికి నూరు ఉంది.

"అయ్యో, ఇంకా బాగు కాలేదా?" మామ లేచారు. "నువ్వు దిగులు పడద్దమ్మా. రేపు నేనే హోసూరుకు తీసుకపోయి చూపిస్తాను."

లోపల లాప్‌టాప్ పెట్టుకుపోవడానికి గుడ్డసంచి వెతుకుతున్నారు.