అత్తయ్య ముందే చెప్పేసిన సాక్ష్యం

ఆదివారం రాత్రి, పామర్రు

మా అమ్మాయి షారోనుకి బెజవాడ స్పెషల్ స్కూల్లో సీటు వచ్చేసిందని, అది దేవుడు చేసిన మేలని పోయిన వారం అత్తయ్య చర్చిలో లేచి సాక్ష్యం చెప్పేశారు. రాలేదు. ఖాళీ అయితే పిలుస్తామన్నారు, అంతే. ఇదేంటండీ అని అడిగితే, "నమ్మి ముందే స్తోత్రం చెల్లించాలమ్మా, అప్పుడే వస్తది" అన్నారు. ఆవిడకేం, జవాబు చెప్పుకోవాల్సింది నేను.

వారమంతా ఫోను మోగితే చాలు, స్కూలు వాళ్లేనేమోనని పరిగెత్తాను. అన్నీ "సంతోషం వదినా" అనే ఫోన్లే.

ఇవాళ ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారు షారోను గడ్డం పట్టుకుని, "కొత్త బడి ఎలా ఉందే బంగారం?" అన్నారు. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. ఎవరేం అడిగినా నా వెనక దాక్కునే పిల్ల, నేను అందిస్తే గానీ మాట పలకని పిల్ల, ఆవిడ మొహంలోకి చూస్తూ, "బాగుందండీ" అంది.

"చూశావా!" అని అత్తయ్య మురిసిపోయారు.

అప్పటినుంచీ నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. సీటు వచ్చేదాకా అని రోజూ ఫోన్లో ఓ టీచరు చెప్పే పాఠాన్నే కొత్త బడి అనుకుంటోందా? లేక నాయనమ్మ మాట పోకూడదని అలా అందా?

అదే అయితే, రోజూ నేను ఆ ఫోను వంక ఎందుకు చూస్తున్నానో కూడా దానికి తెలుసు.