చిన్నదానికి మాత్రమే

అక్కా, మేం ముగ్గురం క్షేమమే, కంగారుపడకు. నిన్న స్కాన్ల ఫలితం వచ్చింది. కవలలిద్దరికీ చెవుడే కాబట్టి, చెవిలో పరికరం పెట్టే ఆపరేషన్ ఇద్దరికీ చేస్తారనుకున్నాను. "చిన్నపాపకి చేస్తాం. పెద్దపాపకి వినికిడి నరమే లేదమ్మా, పెట్టినా లాభం లేదు," అన్నారు డాక్టరుగారు. బయటికి రాగానే పెద్దది తన చెవి చూపించి, నాకెప్పుడని చేత్తో అడిగింది. నేను మొహం తిప్పుకున్నాను. అది మళ్ళీ అడగలేదు, వంగి చెల్లెలి ఊడిన చెప్పు తొడిగింది.

నాన్న దగ్గు తగ్గిందా? సోమవారానికి నువ్వు రా. చిన్నదానికి చెవి వెనక జుట్టు తీస్తారట, పిల్లలిద్దరి ఊలు టోపీలూ తీసుకురా. ఆపరేషన్ జరిగేంతసేపూ పెద్దదాని పక్కన నువ్వే కూర్చోవాలి. ‘ఎప్పటికీ కాదు’ అని దానికి సైగ చేయడానికి నాకు చేతులు రావడం లేదు.

బావగారికి నమస్కారాలు. ఇద్దరినీ దీవించు.

నీ చెల్లెలు