పడమటి కిటికీ

హైదరాబాద్, బుధవారం

బాపూ,

పొద్దున చలికి హాస్టల్ గేటు కాడి కాపలా అన్న తన కుర్చీని ఎండ వెంట జరుపుకుంటూ కూర్చున్నాడు. నువ్వు గుర్తొచ్చావు. నేను బాగున్నాను, ఫికర్ చేయకు.

తక్కువ కరెంటుతో, తక్కువ కర్బనంతో ఇళ్లు కట్టడం మీద ఈ సదస్సు. చాలా దేశాల వాళ్లు వచ్చారు. నిన్న నేను మన కొత్త ఇంటి ప్లాను చూపించాను. బూడిద ఇటుకలు, సున్నం వేసిన డాబా అందరికీ నచ్చాయి. ఒక జర్మనీ పెద్దాయన మాత్రం, "ఆ పడమటి కిటికీ తీసేస్తే ఇల్లు ఇంకా చల్లగా ఉంటుంది" అన్నాడు. నేనూ నీతో అదే వాదించి వచ్చాను. కానీ అక్కడ నిలబడితే నువ్వన్న మాటే నా నోట ఇంగ్లీషులో వచ్చింది: "ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల చీకట్లనే ఉన్న బిడ్డా. రిటైరైనంకనన్న పొద్దుగూకుడు చూడనియ్యవా?"

ఆ కిటికీ మూసెయ్యమని మేస్త్రీ సదానందం కాకకు చెప్పి వచ్చాను కదా, ఇప్పుడు వద్దని చెప్పు. కిటికీ ఉండనీ. పైన సజ్జ మాత్రం రెండడుగులు బయటికి రావాలి. ఎండాకాలం తడక కడదాం.

అమ్మ మోకాలు ఎట్లుంది? దవాఖాన మందు మానొద్దని చెప్పు. అక్క పాపకు ముద్దులు. ఆదివారం భాగ్యనగర్ రైలుబండికి వస్తాను.

నీ బిడ్డ,
సంతోషి

తా.క. మూడు రోజులుగా మేం పొద్దంతా కూర్చుంటున్న ఈ సదస్సు హాలుకు ఒక్క కిటికీ కూడా లేదు.