మత్తు డాక్టరు ఒక్కరే మిగిలారు

తిరుపతి,
1-9-1981

మునిరామయ్య గారికి,

పెద్దాసుపత్రి ఆపరేషన్ల విభాగం గుమాస్తా ప్రేమానందం నమస్కారాలు.

మీ భార్య దేవకమ్మ గారి రొమ్ము గడ్డకు ఏడో తేదీన జరగవలసిన ఆపరేషను ఇరవై ఒకటికి మారింది. కారణం మద్రాసు కన్ను, అదే కండ్లకలక. తిరుపతిలో సగం మంది నల్ల కళ్ళజోళ్ళతో తిరుగుతున్నారు. మాకున్న ముగ్గురు మత్తు డాక్టర్లలో ఇద్దరు ఎర్రటి కళ్ళతో ఇళ్ళలో ఉన్నారు. వరిబీజం, టాన్సిల్స్ వంటివి ఆపేశాం. కాన్సరు ఆపరేషన్లు మాత్రం ఆపలేదు. గడ్డ మన కోసం ఆగదని సర్జను వెంకటేశ్వర్లు గారు చెప్పారు.

ఒక నిబంధన. తోడు వచ్చేవారు కండ్లకలక ఒకసారి వచ్చి, పూర్తిగా తగ్గినవారై ఉండాలి. రానివారు వార్డులో అంటించుకుని రోగులకు పంచుతున్నారు.

ఇట్లు,
మీ విధేయుడు
ప్రేమానందం

తా.క.: కంట్లో ఉల్లిరసం పోసుకుని వచ్చేవారిని గేటు దగ్గరే ఆపేస్తున్నాం. పోయిన వారం ఒకాయన, రాబోయే కలకకు ముందుజాగ్రత్తగా పోసుకుని వచ్చాడు.


కొత్తిండ్లు, పలమనేరు తాలూకా,
5-9-1981

ఆఫీసరు ప్రేమానందం గారికి,

పాల మునిరామయ్య దండాలు. మేము క్షేమం, గడ్డ ఒక్కటే బాధ.

మీ నిబంధన చదివి రెండు పూటలు ఆలోచించాను. మా ఊళ్ళో ఎవరికీ ఇంతవరకు కలక రాలేదు. దేవకమ్మకు తోడు నేను తప్ప ఎవరూ లేరు. కాబట్టి ఈ వారంలో నాకు వస్తే పై వారానికి తగ్గుతుంది, ఇరవై ఒకటికి మీ నిబంధన ప్రకారం సిద్ధంగా ఉంటాను.

ఆ పని మీదే పలమనేరు పోయి వచ్చాను. మంగలి షాపులో నలుగురు తుడుచుకున్న తువాలుతో మొహం తుడుచుకున్నాను. సినిమా హాల్లో నల్లద్దాల మనిషిని వెతికి పక్కన కూర్చున్నాను. ఇంటర్వెల్లో అద్దాలు తీస్తే వాడి కళ్ళు పాలలా తెల్లగా ఉన్నాయి. షోకు కోసం పెట్టుకున్నాడట. టికెట్టు వృథా.

దేవకమ్మ, "నీకేమన్నా పిచ్చి పట్టినాదా? రోగం వస్తే దాక్కుంటారు గానీ ఎతుక్కుంటా పోతారా?" అంటోంది. ఆడవాళ్ళకు ఆఫీసు నిబంధనలు అర్థం కావు.

ఇట్లు,
తమరి ఆజ్ఞ తప్పని
మునిరామయ్య

తా.క.: ఎడమ కన్ను కొంచెం దురదగా ఉంది. దేవుడు మన పక్షాన ఉన్నట్టే.


తిరుపతి,
9-9-1981

మునిరామయ్య గారికి,

ప్రేమానందం అత్యవసరంగా రాస్తున్నది.

దయచేసి వెతకడం మానండి. కలక తగ్గినవారు రావచ్చు అన్నానే గాని, తెచ్చుకోమని అనలేదు. మీకు వస్తే ముందు అంటేది మీ ఇంట్లో మనిషికే. కలకతో వచ్చిన రోగిని థియేటరులోకి తీసుకోరు.

ఇక్కడ పరిస్థితి మారింది. సర్జను గారికి వచ్చి తగ్గింది. నాకూ వచ్చి తగ్గింది. మత్తు డాక్టర్లలో ఆ ఇద్దరికీ ఇంకా తగ్గలేదు, రానిది చంద్రకాంతమ్మ గారు ఒక్కరే. ఆమె ఇంటికి పోవడం మానేసి థియేటరు వెనక సామాన్ల గదిలో ఉంటున్నారు. భోజనం కిటికీలోంచి ఇస్తున్నాం. ఆమె కన్ను ఎర్రబడిన రోజు ఇక్కడ ఆపరేషన్లు ఆగిపోతాయి. అందుకని కాన్సరు రోగులను ముందుకు జరిపాం. దేవకమ్మ గారికి పదహారో తేదీ. పద్నాలుగున చేరాలి. తోడు లేకపోయినా ఫరవాలేదు. కలక తగ్గిన మా సిబ్బందే తోడుంటాం.

ఇట్లు,
ప్రేమానందం

తా.క.: నేను ఆఫీసరును కాను, గుమాస్తాను. ఆ పిలుపు చూసి మా ఆఫీసరు మీ ఉత్తరం రెండుసార్లు చదివారు.


కొత్తిండ్లు,
18-9-1981

ప్రేమానందం గారికి,

మునిరామయ్య కన్నీళ్ళతో రాస్తున్నాను. సగం బాధతో, సగం కలకతో.

పన్నెండో తేదీన మీ ఉత్తరం వచ్చింది. అదే రోజు నా రెండు కళ్ళూ మిరపపండ్లయ్యాయి. దేవకమ్మ ఉత్తరం చదివింది, నా మొహం చూసింది. చాప, సంచీ తీసుకుని సాయంత్రానికి వంక అవతల ఉన్న మా ఆవుల పాకకు పోయింది.

ఆ రాత్రే ఊరి పెద్ద చిన్నబ్బ, "మన ఊరికి కండ్ల జబ్బు వచ్చిండాది, గంగమ్మకు సాటింపు ఏసేద్దాం" అని తప్పెట కొట్టించాడు. మీకు తెలుసుగా, చాటింపు రాత్రి ఊళ్ళో పడుకున్నవాళ్ళెవరూ జాతర అయ్యేదాకా పొలిమేర దాటకూడదు. జాతర ఇరవై రెండున. ఆ వంకే మా పొలిమేర.

చిన్నబ్బ కాళ్ళు పట్టుకున్నాను. "జబ్బు తెచ్చిందీ నువ్వే, దాటతాననేదీ నువ్వేనా అప్పా?" అన్నాడు.

పదహారు దాటిపోయింది. ఆ గడ్డను తలచుకుంటే అన్నం పోవడం లేదు. ఆపరేషను ఇరవై మూడుకు మార్చండి. డాక్టరమ్మ కళ్ళు ఎలా ఉన్నాయో రాయండి.

దేవకమ్మ నా మీద కోపంతో పలకడం లేదు. రోజూ సంగటి కెలికి, వంక గట్టున బండమీద గిన్నె పెట్టి వస్తున్నాను. అవతల ఆవులు చూసే పక్క ఊరి మునస్వామిని, "అక్క ఎట్లుండాది?" అని కేకేస్తే, "బాగుండాదిలే" అని అరుస్తాడు.

ఇట్లు,
తప్పు నాదే అయిన
మునిరామయ్య

తా.క.: సాయంత్రానికి గిన్నె ఖాళీగా, కడిగి ఉంటోంది. కాబట్టి కోపం కొంత తగ్గినట్టే.


తిరుపతి,
21-9-1981

మునిరామయ్య గారికి,

ప్రేమానందం నమస్కరించి శుభవార్త తెలుపుతున్నది.

దేవకమ్మ గారు పద్నాలుగో తేదీన ఒంటరిగా బస్సు దిగి వచ్చి చేరారు. పదహారున ఆపరేషను అయింది. గడ్డ పూర్తిగా తీశారు. చంకలోకి పాకిన గుర్తులు కనబడలేదని సర్జను గారు చెప్పారు. తోడు పేరు దగ్గర నా పేరు రాశాను.

మీకు తెలుసనే అనుకున్నాం. మొన్నటి మీ ఉత్తరం చూశాకే నాకు మతి పోయింది. చెప్పకుండా ఎందుకు వచ్చారని అడిగాను. "సెప్తే ఆ కండ్లేసుకోని తోడొస్తాననేవాడు. ఉండేది ఒక్క డాక్టరమ్మ. ఆయమ్మకు అంటిస్తే నా గతేంగాను? సాటింపు రేత్రి నేను వంక అవతలే పండుకున్నా, నాకేం అడ్డం? మునస్వామిని మాత్రం నోరు మూసుకోమన్నా" అన్నారు.

పదిహేడో తేదీ పొద్దున చంద్రకాంతమ్మ గారి కళ్ళు ఎర్రబడ్డాయి. కిటికీ దాటి ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు. ఆ రోజు నుంచి ఆపరేషన్లు ఆగిపోయాయి. ఇవాళ ఇళ్ళలో ఉన్న ఇద్దరు మత్తు డాక్టర్లలో ఒకరు తగ్గి వచ్చారు, మళ్ళీ మొదలయ్యాయి.

జాతర కాగానే రండి. కలక తగ్గితేనే.

ఇట్లు,
మీ ఇంటి మనిషికి తోడున్న
ప్రేమానందం

తా.క.: మీ ఉత్తరంలో సంగటి మాట దగ్గర దేవకమ్మ గారు నన్ను ఆపి, మళ్ళీ చదవమన్నారు. "ఎవురూ, ఆయన కెలికినాడా? మునస్వామి తిని బతికే ఉండాడంటే బాగానే వచ్చినట్లుండాది. ఈ కుడి చెయ్యి కొన్నాళ్ళు పైకెత్తగూడదన్నారు సర్జను గారు. సంగటి కెలికే కట్టె ఆయన చేతిలోనే ఉండనీమని రాయండి" అన్నారు. రాశాను.