నడుముకు కట్టిన వల ముక్క

అయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ మనవరాలు విజయనగరంలో ఈత పోటీలకు తయారవుతోంది. పొద్దున కోచ్ దాని నడుముకు తాడుతో చిన్న గుడ్డ గొడుగు కట్టాడు. నీళ్లలో అది విచ్చుకుని పిల్లను వెనక్కి లాగుతోంది. చేపలు పట్టడానికేమో అనుకుని అడిగాను! "బలం రావడానికమ్మా," అని నవ్వాడు.

భోగాపురం సముద్రం ఒడ్డున ఈత నేర్పేటప్పుడు నువ్వూ నా నడుముకు తాడు కట్టి, దానికో పాత వల ముక్క తగిలించేవాడివి. "పిల్లకి వల సుట్టేసినావేటి?" అని అమ్మ అరిస్తే నవ్వేవాడివే తప్ప ఎందుకో చెప్పలేదు. అదీ బలానికేనా? నేను దూరం పోకుండానా? తాడు కొస నీ చేతిలోనే ఉండేది కదా.

గొడుగు విప్పాక పిల్ల సర్రున దూసుకెళ్లింది. గట్టెక్కి, "తేలిగ్గా ఉన్నాదమ్మా. గానీ ఎనక ఎవలూ లేనట్టున్నాది," అంది.

తువ్వాలు అందించాను.