మందాకు బొమ్మ

ఫహాహీల్

అక్కా, నేను బాగానే ఉన్నాను, భయపడొద్దు. నా ఫోన్ మా అరబ్బు యజమానురాలు మామా లాగేసుకుంది. డ్రైవర్ రహీమన్న ఊరికొస్తుంటే ఈ కార్డు ఇచ్చి పంపుతున్నాను.

నేను చూసుకునే ముసలమ్మ, మామా వాళ్ళమ్మ, పోయింది. ఆమె మంచానికెదురుగా గోడకు ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన పెద్ద బొమ్మ ఉంది, దాని నిండా ఆకులే. అక్కడి ఎడారిలో ఆదివాసీ ఆడవాళ్ళు జ్వరాలకూ పుండ్లకూ కాచి వాడే ఆకునే అలా గీస్తారట. నొప్పికి మందులు పనిచేయక, ముసలమ్మ బొమ్మకేసి చెయ్యి చూపి, "పుష్పా, ఆ ఆకు కాచి ఇయ్యి" అని ఏడ్చింది. చూడలేక వాము కాచి, "ఇదేమ్మా ఆ ఆకు" అన్నాను. తాగి, నా చెయ్యి పట్టుకుని నిద్రపోయింది. మళ్ళీ లేవలేదు.

"మా అమ్మకు ఏం తాపినావు?" అని మామా అరిచింది. వామని చెప్పాను. గుండె ఆగిందని డాక్టరు చెప్పినా ఆమెకు అనుమానం పోలేదు. రేపు నన్ను ఊరికి దూరంగా ఉన్న వాళ్ళ వఫ్రా తోటకు పంపేస్తోంది, అక్కడి పనివాళ్ళకు వండాలట.

పాప దగ్గు తగ్గిందా? పసర్లు పోయకుండా ఆసుపత్రికి తీసుకుపో. బావకు నమస్కారాలు, పాపకు ముద్దులు. ముసలమ్మ ఆ నీళ్ళు నవ్వుతూ తాగింది అక్కా. ఆ మాట చెప్పబోతే మామా విననే లేదు.

నీ చెల్లెలు
పుష్పలత