ఎదురెదురు పరుగు

చెల్లీ సుభద్రా,

నీవు వెళ్ళిపోయి నేటికి ఏడాది. పాఠశాలలో నీ పరుగుపిల్లలను ఇప్పుడు నేనే చూస్తున్నాను. ఎవరి సాయమూ అడగలేదు. విశాఖ పోటీకి ఒక్క అమ్మాయినే పంపమన్నారు. బుద్రి, చిలకమ్మల్లో ఎవరన్నది ఈ ఉదయం తేలాలి. తీరా చూస్తే నీ స్టాప్‌వాచ్ ముల్లు కదలలేదు.

రైలుగేటు నుంచి కాఫీతోట వరకు, నీకెంతో ఇష్టమైన ఆ తిన్నని మట్టిదారి మీదికే తీసుకువెళ్ళాను. వాచీ చూస్తూ నీవు ఒక్కొక్కరినే పరుగెత్తించేదానివి. నేను ఇద్దరినీ కలిపి వదిలాను. చేతులు పట్టుకుని పక్కపక్కనే వచ్చి నిలబడ్డారు.

"ఇది పోటీయా, షికారా?" అన్నాను.

"సంతకెల్లినా, కట్టెలకెల్లినా తోడొచ్చినదాన్ని ఒగ్గేసి ముందుకెల్లం, అమ్మగోరూ," అంది బుద్రి.

నీవు వాచీని అంతగా ఎందుకు నమ్ముకున్నావో అప్పుడు అర్థమైంది. కాసేపు ఆలోచించి, బుద్రిని గేటు దగ్గర, చిలకమ్మను తోట దగ్గర నిలబెట్టి, ఎదురెదురుగా పరుగెత్తి కలుసుకోమన్నాను. సగం దూరంలో ఉన్న కల్వర్టు మీద నిలుచుని రుమాలు ఊపాను.

"బేగి రాయే, నిద్దరోతన్నావేటి!" అని చిలకమ్మ కేక.

"నువ్వే రాయే, నత్తా!" అని బుద్రి.

ఇద్దరూ ప్రాణం పెట్టి పరుగెత్తారు. చిలకమ్మ కల్వర్టు దాటి గేటు వైపుకు వచ్చేసి మరీ బుద్రిని కావలించుకుంది. ఎక్కువ దూరం వచ్చింది తనే కనుక, విశాఖకు తననే పంపుతున్నాను.

ఈ సంగతి నీకు చెప్పాలని, ఈ వయసులో, ఇంటిదాకా ఇంచుమించు పరుగెత్తాను. తలుపుకు తాళం ఉంది. ఉదయం వేసింది నేనే.